అటక దిగిన పాట

మా ఇంట్లో అటక మీద ఒక వీణ ఉండేది. ఆడపిల్లకి నాలుగు కీర్తనలు వస్తే పెళ్ళిచూపుల్లో పనికొస్తుందని మా నాన్నగారు కొన్న వీణ అది. పెళ్ళిచూపులయ్యాయి. వీణ పనికొచ్చింది. పెళ్ళయింది. ఆ తర్వాత వీణకి పని లేకపోయింది! మా వారి బదిలీలతో నాలుగు ఊళ్ళు తిరిగి, పాత దుప్పటి కప్పుకుని, చివరికి ఇత్తడి గంగాళాల పక్కన అటక మీద స్థిరపడింది. పండక్కి బూజులు దులిపినప్పుడల్లా దాని మీది దుమ్మూ దులిపేదాన్ని. అంతకుమించి దానికీ నాకూ మాటల్లేవు.

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు వచ్చింది. అటక మీద సామాన్లు అందిస్తూ, “అత్తయ్యా, ఇదెవరిది?” అంది. నాదేనన్నాను. నమ్మలేదు. “మరి ఎందుకు మానేశావు?” అంది. నేను కాసేపు ఆలోచించాను. ఫలానా రోజున మానేశానని చెబుదామంటే అలాంటి రోజేదీ గుర్తు రాలేదు. “నేను మానలేదే అమ్మాయీ. అదే మానిపోయింది” అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. రాత్రి భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, “నీకు కొంతమందిని చూపిస్తాను” అంటూ ఫోను తెరిచింది.

అది 1971లో జర్మనీ టెలివిజన్‌లో ‘బీట్ క్లబ్’ అనే కార్యక్రమం కోసం తీసిన పాట. నలుగురు అమ్మాయిలు. ఒకరు గిటారు, ఒకరు బేస్ గిటారు, ఒకరు డ్రమ్ములు, ఇంకొకరు పియానో వంటి మెట్ల వాద్యం. పాడేదీ వాళ్ళే, వాయించేదీ వాళ్ళే. నాకు రాక్ సంగీతం అంటే తలనొప్పి అనే అభిప్రాయం ఉండేది కానీ, ఆ అమ్మాయిలు వాయిస్తుంటే కన్ను తిప్పుకోలేకపోయాను. ఎవరి మెప్పు కోసమో చూస్తున్నట్టు లేరు. చేతిలో పని మీద ఉన్నారు, అంతే. మనం పదిమందికి వంట చేస్తున్నప్పుడు ఎవరి ముఖంలోకి చూస్తాం చెప్పండి?

“ఎవరే వీళ్ళు? పేరెప్పుడూ వినలేదే?” అన్నాను. “నువ్వే కాదత్తయ్యా, వాళ్ళ దేశంలోనే చాలామంది వినలేదు” అంది మా మేనకోడలు. ఆ బృందం పేరు ‘ఫ్యానీ’. ఆ రాత్రి అది చెప్పిన కథా, తర్వాత నేను కుతూహలం కొద్దీ చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

కథ మొదలయ్యేది ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో. అమెరికా నౌకాదళంలో ఉద్యోగం చేసిన తండ్రికీ, ఫిలిప్పీన్స్ దేశస్థురాలైన తల్లికీ పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క జూన్ మిలింగ్టన్ 1948లోనూ, చెల్లెలు జీన్ 1949లోనూ పుట్టారు. ఇద్దరికీ సంగీతం పిచ్చి. చిన్నప్పుడు యుకులేలి అనే బుల్లి తంతి వాద్యం మీద రేడియోలో విన్న పాటలు వాయించుకునేవారు. జూన్‌కి పదమూడేళ్ళు నిండిన పుట్టినరోజుకి తల్లి ఒక గిటారు బహూకరించింది. ఆ ఏడే, అంటే 1961లో, కుటుంబం ఓడెక్కి అమెరికా వచ్చి, కాలిఫోర్నియా రాష్ట్రంలో శాక్రమెంటో అనే ఊళ్ళో కాపురం పెట్టింది.

కొత్త ఊరు, కొత్త బడి. వీళ్ళ రంగు వేరు, ముఖకవళికలు వేరు. ఇటు పూర్తిగా అమెరికన్లూ కారు, అటు పూర్తిగా ఫిలిప్పీన్స్ వాళ్ళూ కారు. బళ్ళో పలకరించే వాళ్ళు తక్కువ. అప్పుడీ అక్కచెల్లెళ్ళకి ఒక సంగతి తెలిసొచ్చింది. పాట పాడితే నలుగురూ దగ్గరికొస్తారు! సంగీతం వీళ్ళకి పెళ్ళిచూపుల కోసం కాదు సుమండీ, స్నేహితుల కోసం అబ్బింది. అలా పాడుతూ పాడుతూ, 1960ల నడుమ తోటి అమ్మాయిలతో కలిసి ‘స్వెల్ట్స్’ అనే బృందం కట్టారు.

ఇందులో వింతేముంది అనిపించవచ్చు. అప్పటికే అమెరికాలో పాడే అమ్మాయిలకి కొదవలేదు. ముగ్గురేసి అమ్మాయిలు ఒకే రకం గౌన్లు వేసుకుని వేదిక ముందు నిలబడి పాడుతుంటే, వెనకాల మగవాళ్ళు వాద్యాలు వాయించేవారు. అది అందరికీ అలవాటైన దృశ్యం. కానీ ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు మాత్రం మగవాళ్ళ సొత్తు. బేస్ గిటారంటే లావుపాటి నాలుగు తీగలతో కింది స్థాయిలో మోగే వాద్యం. వినేవాళ్ళకి విడిగా వినబడకపోయినా, ఇంటికి పునాది ఎలాగో పాటకి అదలాగ. మన చెల్లెలు జీన్ వాయించేది అదే. ఆడపిల్ల పాడితే చప్పట్లు కొట్టే జనం, అదే పిల్ల పునాది వేస్తానంటే మాత్రం నమ్మేవారు కారు.

అయినా అమ్మాయిలు పట్టు విడవలేదు. కళాశాలల్లో, సైనిక స్థావరాల్లో, డాన్సు హాళ్ళలో ఏళ్ళ తరబడి వాయించి చేతులు పదునుపెట్టుకున్నారు. కొందరు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు చేరారు. అయోవా రాష్ట్రం నుంచి వచ్చిన ఏలిస్ డి బ్యూర్ అనే అమ్మాయి డ్రమ్ముల ముందు కూర్చుంది. పేరు ‘వైల్డ్ హనీ’ అని మార్చుకుని లాస్ ఏంజిలిస్ వెళ్ళారు. అక్కడ తలుపు తట్టిన చోటల్లా, చూడ్డానికి సరదాగా ఉన్నారే అన్నారు గానీ, పిలిచి పీట వేసిన వాళ్ళు లేరు. ఇక చాలు, విడిపోదాం అనుకున్నారు. విడిపోయే ముందు చివరిసారిగా 1969లో ‘ట్రూబడూర్’ అనే క్లబ్బులో, ఎవరైనా వచ్చి పాడుకోదగ్గ ఒక రాత్రి, వేదికెక్కారు.

ఆ రాత్రి వినడానికి వచ్చిన వాళ్ళలో రిచర్డ్ పెర్రీ అనే పేరున్న రికార్డు నిర్మాత గారి కార్యదర్శి ఉంది. ఆవిడ వెళ్ళి ఆయనకి చెప్పింది. ఆయన అప్పటికే అందరూ అమ్మాయిలే ఉండే రాక్ బృందం కోసం వెతుకుతున్నాడట. ఆయన మాట మీద వార్నర్ వారి ‘రిప్రైజ్’ రికార్డు కంపెనీ వీళ్ళతో ఒప్పందం చేసుకుంది. అలా ఒక్క సాయంత్రం తేడాతో ఈ కథ ముగిసిపోకుండా మొదలయింది.

పేరు మళ్ళీ మారింది. ‘ఫ్యానీ’ అనేది ఇంగ్లీషు వాళ్ళలో పాతకాలపు ఆడపేరు. మన వెంకాయమ్మ, పేరమ్మ లాంటిదనుకోండి. పెద్దదిక్కుగా నిలిచే ఒక ఆడశక్తి అన్న భావంతో ఈ అమ్మాయిలు ఆ పేరుకి ఒప్పుకున్నారు. కానీ ఆ మాటకి అమెరికా వాడుకలో ఒక చిలిపి అర్థం, ఇంగ్లండు వాడుకలో అంతకంటే మొరటు అర్థం ఉన్నాయి. ప్రకటనలు రాసేవాళ్ళు ఊరుకుంటారా? ఆ చిలిపి అర్థం పట్టుకుని పోస్టర్లూ, నినాదాలూ తయారుచేశారు. పాట గురించి మాట్లాడాల్సిన చోట పేరు గురించి వెకిలిగా నవ్వుకున్నారు. గుమ్మంలోనే ఇదీ మర్యాద!

ఇక్కడే బ్రీ అనే అమ్మాయి సంగతి చెప్పాలి. ఆమె కూడా ఫిలిప్పీన్స్ మూలాలున్న పిల్లే, స్వెల్ట్స్ రోజుల్లో డ్రమ్ములు వాయించింది. చక్కగా పాడుతుంది. అంత చిన్న వయసులోనే చంటిబిడ్డ తల్లి. మధ్యలో బృందం నుంచి తప్పుకుని, మళ్ళీ వచ్చి చేరింది. తీరా మొదటి ఎల్.పి. రికార్డు తయారయ్యే వేళకి నిర్మాత గారు, బీటిల్స్ బృందంలో నలుగురే కదా, మనకీ నలుగురు చాలు అన్నాడు. తీసేసింది బ్రీని. ఆమె పాపనెత్తుకుని పక్కకి తప్పుకుంది. 1970 డిసెంబరులో వచ్చిన ఆ రికార్డు అట్ట మీద జూన్, జీన్, ఏలిస్, మెట్ల వాద్యం వాయించే నికీ బార్‌క్లే, నలుగురే ఉన్నారు. ఒక పెద్ద కంపెనీ నుంచి పూర్తి ఎల్.పి. తెచ్చిన తొలి మహిళా రాక్ బృందం అని చరిత్రలో ఈ నలుగురినీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత మూడేళ్ళూ నడుస్తున్న బండి కాదు, పరిగెత్తే బండి. 1971లో ‘చారిటీ బాల్’ అనే పాట అమెరికా జనాదరణ పట్టికలో 40వ స్థానానికి చేరింది. అదే ఏడు బార్బ్రా స్ట్రైసాండ్ అంతటి గాయని తన రికార్డులో కొన్ని పాటలకి వీళ్ళ చేత వాద్య సహకారం చేయించుకుంది. ఇంగ్లండు వెళ్ళి పెద్ద బృందాల కచేరీల్లో వాయించారు. 1972లో వచ్చిన ‘ఫ్యానీ హిల్’ రికార్డుని లండన్‌లో బీటిల్స్ వారి సొంత యాపిల్ స్టూడియోలో చేశారు. బీటిల్స్ పాటలు రికార్డు చేసిన ఇంజనీరు జెఫ్ ఎమరిక్ గారే వీళ్ళవీ చేశాడు. 1973లో ‘మదర్స్ ప్రైడ్’. మూడేళ్ళలో నాలుగు ఎల్.పి.లంటే మాటలా?

అయితే ఎక్కడికెళ్ళినా వీళ్ళ వెంట ఒక మెచ్చుకోలు తయారుగా ఉండేది. “ఆడపిల్లలైనా ఫరవాలేదే, బాగానే వాయిస్తున్నారు!” మీలో ఎవరైనా ఆఫీసులోనో, స్కూటరు నేర్చుకున్నప్పుడో, బ్యాంకులో లెక్క సరిగ్గా చెప్పినప్పుడో ఈ ‘అయినా ఫరవాలేదే’ విని ఉంటే అందులోని పులుపు మీకు తెలుసు. అది తిట్టు కాదు, తిరిగి తిట్టడానికి వీల్లేదు. మెచ్చుకోలూ కాదు, ఇంటికి తెచ్చుకోవడానికీ వీల్లేదు. ప్రతి ఊళ్ళోనూ మొదటి పాట అయ్యేదాకా జనం చేతులు కట్టుకుని కూర్చునేవారట. రెండో పాటకి కదిలేవారట. అంటే రోజూ మొదట్నించీ పరీక్ష రాయడమే కదా! మగవాళ్ళ బృందం వేదికెక్కితే పరీక్ష ఎప్పుడో ప్యాసైనట్టు లెక్క. వీళ్ళకి మాత్రం ఏ ఊరి సర్టిఫికెట్టు పై ఊళ్ళో చెల్లేది కాదు.

పైగా పైవాళ్ళకి సంగీతం కంటే దుస్తుల మీద శ్రద్ధ పెరిగింది. ఇంకాస్త తళుకులుండాలి, ఇంకాస్త తక్కువ గుడ్డ ఉండాలి అనడం మొదలుపెట్టారు. జూన్‌కి ఊపిరాడలేదు. ఏళ్ళ తరబడి ప్రయాణాలు, పరీక్షలు, లోపల్లోపల కీచులాటలు. 1973లో ఆమె బృందం వదిలేసింది. ఏలిస్ కూడా వెళ్ళిపోయింది. గిటారుకి ప్యాటీ క్వాట్రో వచ్చింది. డ్రమ్ములకి ఎవరొచ్చారో చెప్పుకోండి? బ్రీ! నాలుగేళ్ళ కిందట వద్దన్న బ్రీనే మళ్ళీ పిలిచారు. 1974లో ఇంకో కంపెనీ నుంచి చివరి ఎల్.పి. వచ్చింది. అందులో జీన్ రాసిన ‘బటర్ బాయ్’ అనే పాట 1975 వసంతంలో 29వ స్థానానికి ఎక్కింది. వాళ్ళ పాటలన్నిట్లోకీ పైకెక్కింది అదే. కానీ ఆ కబురు వచ్చేసరికి బృందమే లేదు, విడిపోయింది. పాయసం పొంగే వేళకి విస్తళ్ళు ఎత్తేసినట్టయింది.

ఆ తర్వాత నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దం ఎలా వస్తుందో గమనించండి. ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు. రికార్డుల మూలప్రతి కంపెనీ బీరువాలో ఉంటుంది. హక్కులూ వాళ్ళవే. మళ్ళీ ముద్రించకపోతే దుకాణంలో రికార్డు దొరకదు. దుకాణంలో లేనిది రేడియోలో వెయ్యరు. రేడియోలో రానిది కొత్తతరం వినదు. వినని దాన్ని ఎవరూ అడగరు. అడగని దాన్ని కంపెనీ ముద్రించదు. చక్రం ఒక చుట్టు తిరిగితే చాలు, ఉన్నది లేనట్టే. 1982లో ‘గో గోస్’ అనే అమ్మాయిల బృందం రికార్డు అమెరికా పట్టికలో మొదటి స్థానం అందుకుంది. అది నిజంగా ఘనవిజయమే. కానీ ఆ పిల్లల ముందు నడిచిన వాళ్ళెవరని అడిగితే చెప్పగలిగిన వాళ్ళు బహుకొద్దిమంది.

మరి ఫ్యానీ అమ్మాయిలు ఏం చేస్తున్నారు? నేను మా మేనకోడల్ని ఇదే అడిగాను. నాలాగే పాత దుప్పటి కప్పేశారేమో అనుకున్నాను. కాదట! జూన్ గిటారు ఒక్కనాడూ దించలేదు. 1970లలో అమెరికాలో ఆడవాళ్ళే పాటలు కట్టి, ఆడవాళ్ళే రికార్డు చేసి, ఆడవాళ్ళే అమ్ముకునే ఒక సంగీతోద్యమం నడిచింది. అందులో పేరుపడ్డ క్రిస్ విలియమ్సన్ రికార్డుకి 1975లో ఈమె వాయించింది. 1978లో అక్కచెల్లెళ్ళిద్దరి పేరనా ఒక రికార్డు వచ్చింది. 1980ల చివర్లో జూన్, తన జీవిత సహచరి ఆన్ హాక్లర్‌తో కలిసి ఆడవాళ్ళ కోసం ఒక సంగీత సంస్థ పెట్టింది. ఇప్పుడది మసాచుసెట్స్ రాష్ట్రంలో గోషెన్ అనే చిన్న పల్లెలో ఉంది. వేసవి సెలవుల్లో అమ్మాయిలు వచ్చి గిటారు, డ్రమ్ములు నేర్చుకుంటారు. వాయించడమే కాదు, మైకులు అమర్చుకోవడం, రికార్డు చేసుకోవడం కూడా నేర్పిస్తారు. ఎవరి మీదా ఆధారపడకూడదు గదా!

జీన్ పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని పెంచింది, మూలికా వైద్యం నేర్చుకుంది. మధ్యమధ్య అక్కతో కలిసి వాయిస్తూనే ఉంది. 2011లో ఇద్దరూ కలిసి ఇంకో రికార్డు కూడా తెచ్చారు. అంటే నేననుకున్నది తలకిందులన్నమాట. వాళ్ళు పాట మానలేదు. లోకం వినడం మానేసింది. వీణని నేనే అటకెక్కించుకున్నాను. వాళ్ళని ఇంకెవరో ఎక్కించారు.

అటక మీద ఒక వస్తువుందని ఎవరో ఒకరు గుర్తు చెయ్యాలి. 1999 చివర్లో ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో డేవిడ్ బౌవీ ఆ పని చేశాడు. బౌవీ అంటే ఆ లోకంలో మకుటం లేని మహారాజు. అమెరికా రాక్ సంగీతంలో ముఖ్యమైన మహిళా బృందాన్ని ఆనవాలు లేకుండా పూడ్చేశారనీ, అది ఫ్యానీ అనీ ఆయన చెప్పాడు. పెద్దవాడి నోట వచ్చిన మాట ఊరికే పోదు. 2002లో వాళ్ళ పాటలు నాలుగు సీడీల పెట్టెగా వచ్చాయి. తర్వాత యూట్యూబ్ వచ్చింది. ఆ జర్మనీ టెలివిజన్ పాట ఎవరో అందులో పెడితే, నలభై ఏళ్ళ తర్వాత పుట్టిన పిల్లలు చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. మా మేనకోడలు ఆ పిల్లల్లో ఒకతి. అలా మన కథానాయికలకి పెద్ద జనం కాదు గానీ, ప్రాణం పెట్టే అభిమానులు పోగయ్యారు.

2016లో జూన్, జీన్, బ్రీ ఒక కచేరీలో మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. దిగేటప్పటికి, ఇంకోసారి రికార్డు చేద్దామనుకున్నారు. ఆ ఏడు జనవరిలోనే బౌవీ పోయాడు. ఆయనకి వినిపించే భాగ్యం లేదు. ముగ్గురూ కూర్చుని కొత్త పాటలు కట్టారు. ‘గో గోస్’, ‘బ్యాంగిల్స్’, ‘రనవేస్’ బృందాల అమ్మాయిలు, అంటే వీళ్ళ తర్వాత తరం వాళ్ళు, వచ్చి వెనకాల గొంతు కలిపారు. పాత స్నేహితురాళ్ళు ఏలిస్, ప్యాటీ కూడా వచ్చి ఒక చెయ్యి వేశారు. 2018 మార్చిలో ఆ రికార్డు విడుదలైంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఫ్యానీ వాక్డ్ ది ఎర్త్’, అంటే ఈ నేల మీద ఫ్యానీ నడిచిందని. రాక్షసబల్లుల్ని గురించి చెప్పినట్టు తమ గురించి తామే అలా చెప్పుకోవడంలో వెటకారం ఉంది, పౌరుషమూ ఉంది. చివరి ఎల్.పి.కీ దీనికీ మధ్య 44 ఏళ్ళు. అందరూ డెబ్బై ఏళ్ళ అంచున ఉన్నవాళ్ళే. అట్ట మీద ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు, ఒకనాడు బీటిల్స్ లెక్క కోసం తీసేసిన బ్రీ!

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. ఆపితే మాత్రం మీకు అబద్ధం చెప్పినట్టే. రికార్డు బయటికి రావడానికి కొద్ది వారాల ముందు జీన్‌కి పక్షవాతం వచ్చింది. అనుకున్న కచేరీ యాత్ర మానుకోవాల్సి వచ్చింది. పాటకి పునాది వేసిన చెయ్యి బేస్ గిటారు మీద మునుపటిలా ఆడనని మొరాయించింది. మాట, నడక మళ్ళీ కూడదీసుకోవాల్సొచ్చింది. రికార్డులో ఉన్న ఆమె వాయింపు చెయ్యి బాగున్నప్పుడు వాయించినది. అది ఆ కాస్త ముందే పూర్తి కాబట్టి మనకి దక్కింది. 2021లో బాబీ జో హార్ట్ అనే ఆవిడ తీసిన చిత్రంలో ఇదంతా చూడొచ్చు. అందులో ఆ అక్కచెల్లెళ్ళని చూసి కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, ఆ 2018లోనే ఇంకో బృందం కూడా అటక దిగింది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అయిదుగురు అమ్మాయిలు కట్టిన ‘ఏస్ ఆఫ్ కప్స్’. అప్పట్లో జిమీ హెండ్రిక్స్ కచేరీకి ముందు వాయించిన వాళ్ళు. వాళ్ళకి అసలు రికార్డు కంపెనీయే దొరకలేదు. పిల్లలు పుట్టారు, కాపురాలు పెరిగాయి, 1972 నాటికి ఎవరి దారి వాళ్ళదైంది. వాళ్ళ మొట్టమొదటి స్టూడియో ఆల్బమ్ 2018 నవంబరులో వచ్చింది. యాభై ఏళ్ళు దాటాక మొదటిది! ఫ్యానీ వాళ్ళకి తిరిగి రావడానికి ఒక గతమైనా ఉంది. వీళ్ళు అప్పుడే వచ్చారు.

ఆలస్యమైనా న్యాయం జరిగిందిగా అంటారు మా వారు. నేను ఒప్పుకోను. జరిగింది, నిజమే. కానీ ఆ నలభై నాలుగేళ్ళలో వాళ్ళు ఇంకా ఎన్ని రికార్డులు చేసి ఉండేవారో, ఎంతమంది ఆడపిల్లలు వాళ్ళని చూసి గిటారు పట్టి ఉండేవారో, ఆ లెక్క ఏ పెట్టెలోనూ పెట్టి అమ్మలేరు. చప్పట్లు వచ్చేసరికి చెయ్యి లేవలేదు. ఆలస్యానికి వడ్డీ ఎప్పుడూ ఆలస్యమైన వాళ్ళే కడతారు, ఆలస్యం చేసిన వాళ్ళు కట్టరు.

నన్ను జూన్ మిలింగ్టన్‌తో పోల్చుకునేంత వెర్రిదాన్ని కాను. నన్నెవరూ పూడ్చలేదు, నాకోసం ఏ మహారాజూ పత్రికలో రాయక్కర్లేదు. కానీ ఆ బేస్ గిటారు సంగతి విన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఈ మధ్య పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. వేడినీళ్ళలో పెడితే గానీ మూత తిరగదు. లేచి కూర్చుని చీకట్లోనే వేళ్ళు ఒక్కొక్కటీ మడిచి విప్పి చూసుకున్నాను. పదీ పనిచేస్తున్నాయి.

మర్నాడు వీణ దించాం. తీగలు తుప్పుపట్టి తెగాయి, మెట్ల కింద మైనం ఎండి పెళ్ళలు లేచింది. బొబ్బిలి వైపు పని నేర్చిన ఒకాయన దగ్గరికి పంపించాను. నెల తర్వాత కొత్త తీగలతో తిరిగొచ్చింది. బిరడాలు సరిచేసుకుని, చాప వేసుకుని కూర్చున్నాను. కీర్తనలన్నీ ఎటో వెళ్ళిపోయాయి. మళ్ళీ సరళీ స్వరాలే. మొదటి మీటుకి హాల్లోంచి మా వారు, “ఏమిటి, వంటింట్లో ఏదన్నా పడిందా?” అన్నారు.

“లేదండీ, అటక మీంచి దిగింది” అన్నాను, మళ్ళీ మీటాను.